కంప్యూటర్ డిప్లొమా: నా మూడేళ్లు, ఆ తర్వాతి అయిదేళ్లు

2016లో పాలిసెట్ (పది తర్వాత డిప్లొమాలో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష) అయ్యాక, ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు నెట్ సెంటర్లో నా పక్కన నాన్న కూర్చున్నారు. ఆయన చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరు. మొదటి ఆప్షన్ మెకానికల్ పెట్టమంటారు. "మా దగ్గర మిషన్ ఆగిపోతే మెకానికల్ చదివినోడి కోసం కారేసుకుని వస్తారమ్మా. కంప్యూటర్ ఆగిపోతే ఎవరొస్తారు?" అన్నారు. నాకు జవాబు తెలియదు. అప్పటికి నేను కంప్యూటర్ని సరిగ్గా ముట్టుకున్నది కూడా లేదు. మా హైస్కూల్లో ఒక గది ఉండేది, తాళం తీసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా కంప్యూటరే కావాలని పట్టుబట్టాను. పాలిసెట్లో 120కి 94 వచ్చాయి, ఇంటికి బస్సు దూరంలో ఉన్న ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీఎంఈ, అంటే కంప్యూటర్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది. అప్పటికి నాకు పదిహేనేళ్లు కూడా నిండలేదు.

ఇంట్లో పెద్ద చర్చ మాత్రం బ్రాంచి గురించి కాదు. ఇంటర్ ఎంపీసీలో చేర్చాలా, డిప్లొమాలోనా అని. "ఇంటర్ రెండేళ్లే, డిప్లొమా మూడేళ్లు, ఒక ఏడాది దండగ" అని మామయ్య లెక్క చెప్పాడు. చాలా ఇళ్లలో ఇప్పటికీ ఇదే లెక్క చెప్తారు కాబట్టి ఇక్కడే అంటున్నాను, ఆ లెక్క తప్పు. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు కలిపితే ఆరేళ్లు. డిప్లొమా మూడేళ్లు చేసి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ నేరుగా రెండో సంవత్సరంలో చేరతాం, అది మూడేళ్లు. అదీ ఆరే. పైగా ఇంటికి డబ్బులు అవసరమైతే మధ్యలో మూడేళ్లకే చేతికి ఒక పట్టా వస్తుంది. మా ఇంట్లో ఆ అవసరం వచ్చింది కూడా.

మొదటి ఏడాది నన్ను ఏడిపించింది కంప్యూటర్ కాదు, ఇంగ్లీషు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. త్రిభుజం, లంబకోణం అనుకుంటూ వచ్చినదాన్ని, లెక్చరర్ గారు బోర్డు మీద పార్షియల్ ఫ్రాక్షన్స్ అని రాసి గబగబా వెళ్లిపోతుంటే అది ఏ లెక్కో తేల్చుకోవడానికే పావుగంట పట్టేది. తీరా చేస్తే తేలిక లెక్కే. ఫిజిక్స్, కెమిస్ట్రీ జవాబులు మొదట తెలుగులో మనసులో చెప్పుకుని, తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా రాసేదాన్ని. మా క్లాసులో సగం మందిదీ ఇదే బాధ. అయితే ఎవరూ పైకి చెప్పేవాళ్లు కాదు. డిసెంబరు వచ్చేసరికి అలవాటైపోయింది. తెలుగు మీడియం పిల్లలు ఈ ఒక్క భయంతో డిప్లొమా వదులుకోవద్దు. ఆ భయం నాలుగైదు నెలలే.

సీ అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. ఇద్దరికి ఒక సిస్టమ్. ప్రోగ్రాం రాసే టర్బో సీ తెరిస్తే స్క్రీనంతా నీలం. రెండో వారంలోనో మూడో వారంలోనో రెండు అంకెలు తీసుకుని కూడిక చూపించే ప్రోగ్రాం ఇచ్చారు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు కొట్టాననుకున్నాను. కంపైల్ చేస్తే ఎర్రర్లు సున్నా. సంబరంగా రన్ చేసి 25, 30 ఇచ్చాను. 55 రావాల్సిన చోట సంబంధం లేని ఏదో అంకె వచ్చింది. మళ్లీ కొట్టాను, ఇంకో పిచ్చి అంకె. తప్పులేమీ లేవని కంప్యూటరే అంటోంది, జవాబేమో తప్పు. నాకు టెన్షన్ మొదలైంది. మా మేడమ్ వచ్చి వంగి చూసి, స్కాన్‌ఎఫ్ లైను (మనం కొట్టిన అంకెను లోపలికి తీసుకునే లైను) మీద వేలు పెట్టారు. వేరియబుల్ పేరు ముందు ఆంపర్‌సండ్ (&) గుర్తు లేదు.

"ఉత్తరం రాసి అడ్రసు రాయకుండా పోస్టు డబ్బాలో వేశావు. అది ఎక్కడికెళ్తుందమ్మా?" అన్నారు.

ఆ గుర్తు పెడితే ఆ వేరియబుల్ మెమొరీలో ఎక్కడుందో దాని అడ్రసు వెళ్తుంది, లేకపోతే మనం ఇచ్చిన 25 ఎక్కడో తెలియని చోట పడుతుంది. ఆ ఒక్క మాటతో నాకు మెమొరీ అంటే ఏంటో బొమ్మ కట్టింది. తర్వాతి ఏడాది డేటా స్ట్రక్చర్స్‌లో పాయింటర్లు, లింక్డ్ లిస్టులు వచ్చినప్పుడు క్లాసంతా తల పట్టుకుంటే నాకు అంత కష్టమనిపించలేదు. ప్రతి డబ్బాకీ ఒక అడ్రసు, ఒక డబ్బాలో ఇంకో డబ్బా అడ్రసు, అంతే. ఇవాళ నా ఉద్యోగంలో కూడా, ఎర్రర్ ఏమీ చూపించకుండా జవాబు మాత్రం తప్పుగా వచ్చే చోట ముందు ఎక్కడ వెతకాలో ఆ రోజు నేర్చుకున్నదే.

ఆ వయసులో ల్యాబ్ దొరకడమే డిప్లొమాలో అసలు లాభమని నా నమ్మకం. నాతోపాటు పది చదివి ఇంటర్‌లో చేరిన స్నేహితురాలు ఆ రెండేళ్లూ పొద్దున్నే స్టడీ అవర్‌తో మొదలెట్టి రాత్రి దాకా ప్రాబ్లమ్స్ చేసింది. నేను అదే వయసులో సీ, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, జావా చేత్తో చేసి చూశాను. ఆమె నాకంటే లెక్కలు బాగా చేస్తుంది, అది నిజం. కానీ సిస్టమ్ ముందు కూర్చుంటే చేతులు వణక్కపోవడం నాకు ముందు వచ్చింది.

అన్నీ సాఫీగా సాగలేదు. రెండో ఏడాది మైక్రోప్రాసెసర్స్ పేపరు తప్పాను. థియరీ పేపర్లో సెషనల్స్, అంటే మధ్యలో పెట్టే చిన్న పరీక్షలకు 20, చివరి పరీక్షకు 80 మార్కులు. ఆ 80లో కనీసం 28 రావాలి, నాకు 23 వచ్చాయి. 8086 ప్రాసెసర్ అడ్రసింగ్ మోడ్‌లు బట్టీ పట్టి వెళ్లాను, ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి పెన్ను ఆగిపోయింది. మళ్లీ రాసే సప్లిమెంటరీలో గట్టెక్కాను. హాజరు విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి, 75 శాతం లేకపోతే మామూలుగా పరీక్షకు కూర్చోనివ్వరు. బస్సు రాలేదు, వాన పడింది అంటే లెక్కలోకి రాదు. మాతో మొదటి ఏడాది చేరిన ఇద్దరు అమ్మాయిలు హాజరు దగ్గరే ఏడాది పోగొట్టుకున్నారు. ఒకరికి పెళ్లి చేసేశారు.

మూడో ఏడాదిలో ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది. మెకానికల్ వాళ్లు ఫ్యాక్టరీలకు, ఎలక్ట్రికల్ వాళ్లు సబ్‌స్టేషన్లకు వెళ్లారు. వాళ్లకు చూడ్డానికి నిజమైన పని ఉంది. కంప్యూటర్ వాళ్లను మాత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీలు సాధారణంగా రానివ్వవు. అందుకే ట్రైనింగ్ పేరుతో ఫీజు తీసుకుని, నాలుగు పీపీటీలు చూపించి, చివర్లో ప్రాజెక్టు రిపోర్టు, సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట్లు చాలా ఉన్నాయి. నేనూ విజయవాడలో అలాంటి ఒక చోటే చేరాను. వేల రూపాయలు కట్టాం. వారం తిరిగేసరికి అర్థమైంది, అక్కడ మాకు నేర్పడానికి ఎవరూ లేరని. మా బ్యాచ్‌లో కొందరు ఇంటికెళ్లిపోయి చివరి రోజు వచ్చి సర్టిఫికెట్ తీసుకున్నారు.

నేను సింగ్‌నగర్‌లో పెద్దమ్మ వాళ్లింట్లో ఉండేదాన్ని. పెదనాన్నకు తెలిసినాయన గవర్నర్‌పేటలో కంప్యూటర్ సర్వీసు షాపు నడుపుతుంటే, మధ్యాహ్నాలు అక్కడ కూర్చుంటానని అడిగాను. ఆడపిల్ల షాపులో ఏం చేస్తుందన్నట్టు చూశారు, కానీ కాదనలేదు. మొదటి పది రోజులూ క్యాబినెట్లు విప్పి బ్రష్‌తో దుమ్ము దులపడమే పని. తర్వాత ర్యామ్ తీసి పెట్టడం, విండోస్ వేయడం. ఒకరోజు నెట్‌వర్క్ కేబుల్ చివర ఆర్‌జే-45 కనెక్టర్ బిగించమన్నారు. లోపల ఎనిమిది సన్నటి తీగలు. తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత పక్కపక్కన రాదు, మధ్యలో నీలం జత దూరుతుంది. అందరూ తప్పేది అక్కడే. నేనూ తప్పాను, ఆరు కనెక్టర్లు పాడు చేశాను. ఏడోది టెస్టర్‌లో పెడితే ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. నెట్‌వర్క్స్ పేపర్లో ఎన్నిసార్లు చదివానో ఆ కేబుల్ గురించి, వేళ్లకు తెలిసింది ఆ రోజే. ఆరు నెలల ట్రైనింగ్‌లో నాకు అన్నం పెట్టింది ఆ షాపే.

2019లో 71 శాతంతో బయటికొచ్చాను. ఉద్యోగాలు వెతకడం మొదలెట్టాక నాన్న మాటలో నిజం ఎంతుందో తెలిసింది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జూనియర్ ఇంజినీర్ పోస్టులు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకు. రైల్వేలో జూనియర్ ఇంజినీర్లలో ఐటీ అని ఉందని ఆశపడి నోటిఫికేషన్ చదివితే, ఆ పోస్టుకు అడిగింది బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్, బీటెక్ లాంటివి. ఒట్టి డిప్లొమా చాలదు. బ్యాంకులకు, గ్రూప్-2కు డిగ్రీ కావాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఎక్కువ భాగం బీటెక్ వాళ్లనే పిలుస్తాయి, కొన్ని బీసీఏ, బీఎస్సీ వాళ్లను కూడా తీసుకుంటాయి. డిప్లొమాకు పిలుపు వచ్చేది డెస్క్‌టాప్ సపోర్టు, నెట్‌వర్కింగ్, కాల్ సెంటర్, డేటా ఎంట్రీ పనులకు. ఈ సంగతి చేరేటప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. సివిల్, ఎలక్ట్రికల్ డిప్లొమాకు మూడేళ్ల చివర్లో ఒక గుమ్మం ఉంది. కంప్యూటర్ డిప్లొమా అక్కడితో ఆపితే సగం దారిలో దిగిపోయినట్టే. ఇది తెలిసి చేరాలి.

ఆ ఏడాది ఒక్క అవకాశం మాత్రం నిజంగా మా కోసమే వచ్చినట్టు వచ్చింది. గ్రామ సచివాలయాల నోటిఫికేషన్‌లో డిజిటల్ అసిస్టెంట్ పోస్టుకు కంప్యూటర్ డిప్లొమా కూడా అర్హత. నెలకు 15,000. మా క్లాసు వాళ్లు రాత్రింబవళ్లు చదివారు, సెప్టెంబర్‌లో పరీక్ష రాశారు, ముగ్గురికి వచ్చింది కూడా. నేను రాయలేకపోయాను. 2019 జూలై 1 నాటికి పద్దెనిమిదేళ్లు నిండాలి, నాకు నిండేది ఆగస్టులో. పదో తరగతి తొందరగా అయిపోయిందని మురిసిపోయిన ఇంట్లో ఆ రోజు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

అప్రెంటిస్ మార్గం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే ఏడాది పాటు పరిశ్రమల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో శిక్షణ ఇస్తారు. డిప్లొమా వాళ్లకు స్టైపెండ్ కనీసం 8,000గా 2019లో పెంచారు. అంతకుముందు అందులో సగం కూడా లేదు. నేను నమోదు చేసుకున్నాను కానీ పిలుపు రాకముందే గుంటూరులో ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున సపోర్టు ఇంజినీర్‌గా 9,500 జీతానికి చేరిపోయాను. నాన్నకు నడుం నొప్పి వచ్చి రెండు నెలలుగా డ్యూటీకి వెళ్లడం లేదు. ఈసెట్ సంగతి వెనక్కిపోయింది.

ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు తీయడం, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకు మార్చివ్వడం, నెట్ రావడం లేదంటే మెట్లెక్కి పరిగెత్తడం. ఎనిమిది నెలలు చేశాను. మార్చి 2020లో లాక్‌డౌన్ పడింది. ఒక నెల సగం జీతం ఇచ్చారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

ఇంటికొచ్చి, అటక మీద ఉన్న డిప్లొమా పుస్తకాలు దించాను. ఈసెట్‌లో 200 ప్రశ్నలు, మూడు గంటలు. లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మన బ్రాంచి 100. నెగటివ్ మార్కులు లేవు. బ్రాంచి వంద మార్కులకు పెద్దగా భయం లేదు, ఉద్యోగం చేసి వచ్చాను కాబట్టి నెట్‌వర్క్స్ ప్రశ్నలు చూస్తే నవ్వొచ్చేది. ఫిజిక్స్, కెమిస్ట్రీ మాత్రం మొదటి ఏడాది చదివి వదిలేసినవి. అందరూ అక్కడే నష్టపోతారు. ఆ యాభై మార్కులు మొదటి ఏడాది నోట్సులోనే ఉంటాయి. ఆ నోట్సు చెత్తవాడికి వేయకపోతే చాలు, సగం ప్రిపరేషన్ అయినట్టే. పరీక్ష వాయిదా మీద వాయిదా పడి సెప్టెంబర్ 14న జరిగింది. మాస్కు, శానిటైజర్ బుడ్డి, గేటు దగ్గర నుదుటికి టెంపరేచర్ గన్. నాకు కలిసొచ్చింది ఆ వాయిదాలే, మేలో జరిగి ఉంటే నేను సిద్ధంగా లేను. కంప్యూటర్ బ్రాంచిలో మంచి ర్యాంకే వచ్చింది. కన్వీనర్ కోటాలో సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ ఖర్చుకు వసతి దీవెన పథకం డబ్బులు. అవి లేకపోతే నేను బీటెక్ చదివేదాన్ని కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి.

రెండో సంవత్సరంలో చేరితే అప్పటికే స్నేహాలు కుదిరిపోయి ఉంటాయి, మనల్ని లేటరల్ ఎంట్రీ బ్యాచ్ అంటారు. ఆ మాట మొదట్లో ముల్లులా గుచ్చుకునేది. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ మొదలయ్యాక మాత్రం ఎంసెట్ బ్యాచ్ వాళ్లు వచ్చి నా పక్కన కూర్చోవడం మొదలెట్టారు. డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీ దగ్గర నేను వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. ఇంటర్ లెక్కల పునాది లేకపోవడం నిజమైన లోటే, దాన్ని ఎవరూ తక్కువ చేసి చెప్పకూడదు. నేను సెలవుల్లో ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు తెచ్చుకుని చదివాను.

ప్లేస్‌మెంట్లలో డిప్లొమా మార్కులు మళ్లీ ముందుకొచ్చాయి. పదిలో, ఇంటర్ లేదా డిప్లొమాలో, బీటెక్‌లో అన్నిట్లో 60 శాతం ఉండాలంటారు చాలా కంపెనీలు. మా సీనియర్ అన్నకు డిప్లొమాలో 58. బీటెక్‌లో ఎంత బాగా చదివినా కొన్ని కంపెనీల పరీక్షకు కూడా కూర్చోలేకపోయాడు. చదువులో రెండేళ్లకు మించి గ్యాప్ ఉండకూడదనే నియమం కూడా కొన్నిచోట్ల ఉంటుంది. నాది ఒక ఏడాదే, బతికిపోయాను. ఒక కంపెనీ ఫారంలో ఇంటర్ హాల్‌టికెట్ నంబర్ తప్పనిసరి, డిప్లొమాకు గడే లేదు. ప్లేస్‌మెంట్ సార్ వాళ్లకు మెయిల్ పెట్టి సరిచేయించారు.

2022 చివర్లో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ ఉద్యోగానికి ఆఫర్ వచ్చింది. 2023లో బీటెక్ అయ్యేసరికి సాఫ్ట్‌వేర్ రంగం మందగించింది, జాయినింగ్ తేదీ ఇవాళ రేపు అంటూ జనవరి దాకా సాగింది. ఆ ఆరు నెలలూ ఊళ్లో ఎవరు పలకరించినా గుండె ఝల్లుమనేది. ఇప్పుడు హైదరాబాద్‌లో చేస్తున్నాను. మొదటి జీతం నాన్న ఫోన్‌లో మెసేజ్‌గా చూసుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మొన్న ఊరికెళ్తే పక్కింటి పద్మక్క వాళ్లమ్మాయి పాలిసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని వచ్చింది. "ఏఐ వచ్చేసింది కదక్కా, ఇంకా కంప్యూటర్ చదవడం దండగంటున్నారు" అంది. నేను చేసే పనిలో చూసింది చెప్పాను. కోడ్ ఇప్పుడు ఆ టూల్సే రాసిపెడుతున్నాయి, చూడ్డానికి చక్కగా కూడా ఉంటుంది. అందులో అడ్రసు లేని ఉత్తరం ఎక్కడుందో పట్టుకోవడానికి నన్ను కూర్చోబెట్టి జీతమిస్తున్నారు. అది పట్టుకోవాలంటే ఒకసారైనా చేత్తో రాసి, తప్పు చేసి ఉండాలి. డిప్లొమాతో ఆపొద్దని, మొదటి ఏడాది నోట్సు పారేయొద్దని, 60 శాతం కంటే తగ్గొద్దని, ట్రైనింగ్‌కు సర్టిఫికెట్ ఇచ్చే చోటు కాక పని ఉండే చోటు వెతుక్కోమని చెప్పాను. వాళ్ల నాన్న ఎలక్ట్రికల్ అంటున్నాడట. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, ఆ బ్రాంచికి ప్రభుత్వ ఉద్యోగాలు ఎక్కువ, ఇంట్లో తొందరగా సంపాదన కావాలంటే అదే మంచిదని కూడా చెప్పాను.

రాత్రి ఫోన్ చేసింది. మొదటి ఆప్షన్ కంప్యూటర్, రెండోది ఎలక్ట్రికల్ పెట్టిందట. ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు ఒకసారి చూడమని ఫొటో పంపింది.